మంచం పక్క మనిషి: బ్రిటన్, తెలుగు ప్రాంతాల ఆసుపత్రుల్లో రోగి సహాయకుల చరిత్ర

వ్యాససంగ్రహం

ఆసుపత్రిలో రోగి పక్కన ఇంటిమనిషి ఉండవచ్చా, కూడదా అన్న ప్రశ్నకు బ్రిటన్, తెలుగు ప్రాంతాలు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. బ్రిటన్ వార్డు బంధువులను బయటికి పంపి, ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో మళ్ళీ లోపలికి పిలిచింది. తెలుగు ప్రాంతాల ఆసుపత్రి వారిని ఎన్నడూ పంపలేదు, లెక్కలోకీ తీసుకోలేదు. ఈ భేదాన్ని కుటుంబబంధాల గాఢతతో వివరించడం చాలదనీ, నర్సుల కొరత, కులాచారం, దాతృత్వపు రూపాలు దీనికి ప్రధాన కారణాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆసుపత్రి చరిత్ర, రోగి సహాయకులు, పరిచర్య, ధర్మాసుపత్రి, ఘోషాసుపత్రి, ప్లాట్ నివేదిక, భోర్ కమిటీ, పురుడు

1. ప్రవేశిక

"పేషెంట్ తాలూకా ఎవరండీ?" తెలుగు రాష్ట్రాల్లో ఏ ఆసుపత్రి వరండాలోనైనా రోజుకు పదులసార్లు వినిపించే పిలుపు ఇది. ఆ పిలుపుకు లేచి వెళ్ళే మనిషి రోగికి భార్య కావచ్చు, తల్లి కావచ్చు, తమ్ముడో మేనత్తో కావచ్చు. మందుల చీటీ అందుకోవడం, రక్తం సీసాను ల్యాబుకు చేర్చడం, చక్రాల కుర్చీ తోయడం, సెలైన్ అడుగంటుతుంటే నర్సును పిలవడం, క్యారియర్‌లో వచ్చిన జావ తాగించడం, రాత్రి మంచం పక్కన చాప పరుచుకొని సగం నిద్ర పోవడం ఆ మనిషి పనులు. 'తాలూకా' అంటే సంబంధించినది అని అర్థం. అరబ్బీ నుంచి వచ్చి శిస్తు లెక్కల్లో స్థిరపడిన ఆ మాట ఆసుపత్రిలో మనుషులకు అన్వయించడం ఆసక్తికరం. పిలిచేవారికి ఆ మనిషి పేరుతో పనిలేదు, రోగితో ఉన్న సంబంధమే చాలు.

బ్రిటన్ వార్డులో ఈ పిలుపు వినిపించదు. పైన చెప్పిన పనుల్లో అధికభాగం అక్కడ నర్సువి, నర్సు సహాయకులవి, పోర్టర్లవి. బంధువులు నియమిత వేళల్లో వచ్చి చూసి వెళ్ళేవారు. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో ఆ వేళ ముగిసిందని చెప్పడానికి వార్డులో గంట మోగేది.

ఈ భేదం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా "మనది కుటుంబాన్ని నమ్ముకున్న సంస్కృతి, వాళ్ళది వ్యక్తిని నమ్ముకున్న సంస్కృతి" అన్న వివరణ సిద్ధంగా ఉంటుంది. వినడానికి అది ఇంపుగానే ఉంటుంది. కాని రెండుచోట్లా ఆసుపత్రుల చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఆ వివరణ నిలబడదు.

2. ఉపస్థాత

చరకసంహిత సూత్రస్థానంలోని తొమ్మిదో అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలను నిర్దేశించింది. అవి వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అంటే దగ్గర నిలిచి పరిచర్య చేసే వ్యక్తి. ఆ వ్యక్తికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగే: ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, రోగిపట్ల అనురాగం, శుచి. వీటిలో అనురాగాన్ని జ్ఞానంతో సమానంగా ఒక అర్హతగా చేర్చడం గమనార్హం. ఈ వ్యాసానికి ఈ నాలుగు గుణాల పట్టిక ఒక కొలబద్దగా ఉపకరిస్తుంది. ఆధునిక ఆసుపత్రి రెండు దేశాల్లోనూ ఈ గుణాలను ఇద్దరు మనుషులకు పంచింది. జ్ఞానం, నేర్పు, శుచి నర్సుకు దక్కాయి. అనురాగం ఇంటిమనిషికి మిగిలింది. ఆ తరువాత బ్రిటన్ అనురాగాన్ని గేటు బయట నిలబెట్టింది. తెలుగు ప్రాంతాల్లో అనురాగం ఒక్కటే మిగతా మూడింటి బరువునూ మోయవలసి వచ్చింది.

వైద్యశాలను నిలువనీడనిచ్చే ధర్మశాలగా భావించడం రెండుచోట్లా పాత విషయమే. 'హాస్పిటల్' అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అతిథి అని అర్థం. తెలుగునేలపై, నేటి అమరావతి ప్రాంతంలోని మల్కాపురంలో దొరికిన 1261 నాటి కాకతీయ శాసనం గోళకీమఠం ఆచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యుల ధర్మకార్యాలను వివరిస్తూ ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, అన్నసత్రాన్ని పేర్కొంది. అతిథిని ఒంటరిగా రమ్మనే సత్రం ఎక్కడా ఉండదు. రోగి ఒంటరిగా రావాలన్న నియమం ఆధునిక కాలపు కల్పన.

3. గంట మోగే వార్డు

పద్దెనిమిదో శతాబ్ది బ్రిటన్‌లో దాతల చందాలతో ఆసుపత్రులు వెలిశాయి. లండన్‌లోని గైస్ ఆసుపత్రి 1721లో స్థాపితమైంది, లండన్ హాస్పిటల్ 1740లో. ఇవి పేదల కోసం కట్టినవి. కలిగినవారు ఇంట్లోనే మంచంపట్టి, ఇంటికే వైద్యుణ్ణి పిలిపించుకొని, ఇంటివారి చేతిమీదుగానే మందు తాగేవారు. అంటే కుటుంబ పరిచర్య అక్కడ సంపన్నుల హక్కుగా కొనసాగింది. ఆసుపత్రిలో చేరే పేదవాడు చందాదారు ఇచ్చిన సిఫారసు ఉత్తరం తెచ్చుకోవాలి, తిట్లూ జూదమూ మానాలి, ఓపిక ఉంటే వార్డు పనుల్లో నర్సుకు సాయపడాలి. ఆసుపత్రి అతనికి వైద్యంతోపాటు నడవడి నేర్పే చోటు కూడా. అలాంటి చోట బంధువుల రాకపోకలను కట్టడి చేయడం సహజంగానే మొదటి నియమాల్లో ఒకటయింది.

క్రిమియా యుద్ధం (1854-56) నుంచి తిరిగి వచ్చిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ఆసుపత్రుల నిర్మాణంపై పుస్తకం ప్రచురించింది. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం ఆమె పేర మొదలైంది. రెండువైపులా వరుసగా మంచాలు, మంచాల నడుమ కిటికీలు, ముప్ఫైమంది వరకు రోగులు, ఒక చివర నిలబడితే అందరూ కనబడే ఏర్పాటు. దీన్నే నైటింగేల్ వార్డు అంటారు. ఆ వార్డులో బంధువు కూర్చోవడానికి వేరే స్థలం ఉండదు. గాలి వెలుతురు, శుభ్రత, నర్సు చూపు, ఈ మూడింటి కోసమే గీసిన పటమది. ఇందులో నిర్దయ లేదు. వేలమంది సైనికులు గాయాలకంటె అంటురోగాలతో చనిపోవడం చూసిన మనిషి గీసిన పటం అది. దాని ఫలితంగా నర్సు పని గౌరవప్రదమైన వృత్తి అయింది, వార్డు నర్సు రాజ్యమయింది. రాజ్యానికి సరిహద్దులు వచ్చాయి.

పిల్లల విషయంలో ఈ సరిహద్దు ఎంత కఠినమో 1949లో లండన్ ఆసుపత్రుల సందర్శన వేళలపై వెలువడిన ఒక వివరణ పట్టిక చూపుతుంది. గైస్‌లో ఆదివారం 2 నుంచి 4 వరకు. సెయింట్ బార్తలోమ్యూస్‌లో బుధవారం గంటన్నర. ఛేరింగ్ క్రాస్‌లో ఆదివారం ఒక గంట. సెయింట్ థామస్‌లో మొదటి నెల అసలు చూడనివ్వరు. సాయంత్రం 7, 8 గంటల మధ్య నిద్రపోతున్న బిడ్డను మాత్రం చూసి పోవచ్చు. లండన్ హాస్పిటల్‌లో మూడేళ్ళలోపు పిల్లలను తడిక అవతలనుంచి చూడవలసిందే. ఇది జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) 1948 జూలై 5న మొదలైన మరుసటి ఏటి స్థితి. తల్లి వచ్చి వెళ్ళాక బిడ్డ ఏడుస్తాడు, రాకపోతే 'కుదురుకుంటాడు' అన్నది నర్సుల అనుభవం. ఆ కుదురు వెనక ఏముందో ఎవరూ అడగలేదు.

బ్రిటన్ సంస్కృతి స్వభావమే ఇదని అనడానికి వీల్లేదు. 1769లో లండన్‌లో పేద పిల్లల కోసం డిస్పెన్సరీ తెరిచిన జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ పిల్లలను ఆసుపత్రిలో చేర్చుకోవడాన్నే వ్యతిరేకించాడు. జబ్బుపడిన బిడ్డను తల్లినుంచి వేరుచేస్తే గుండె పగులుతుందని ఆయన వాదం. 1920ల్లో న్యూకాజిల్‌లో జేమ్స్ స్పెన్స్ పసిపిల్లలతోపాటు తల్లులనూ ఆసుపత్రిలో ఉంచుకున్నాడు. ఆ దారి అక్కడా ఉంది. ఎక్కువమంది నడవలేదు, అంతే.

4. లారా ఎనిమిది రోజులు

బ్రిటన్‌లో గంటను ఆపింది ఒక చలనచిత్రమంటే అతిశయోక్తి కావచ్చు గాని, పెద్ద అబద్ధం కాదు. టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ వైద్యుడు కాడు. యుద్ధకాలంలో ఆనా ఫ్రాయిడ్ నడిపిన హాంప్‌స్టెడ్ శిశుకేంద్రంలో బాయిలర్ పనితో మొదలుపెట్టిన మనిషి. ఆసుపత్రుల్లో పిల్లల దుఃఖాన్ని ఎంత వివరించినా డాక్టర్లు నమ్మకపోవడంతో ఆయన ఒక కెమెరా కొన్నాడు. లారా అని పిలిచిన రెండున్నరేళ్ళలోపు పాప బొడ్డు హెర్నియా శస్త్రచికిత్సకు ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. రాబర్ట్‌సన్ ఆ రోజులను చిత్రీకరించాడు. ఏడుపు ఉన్న ఘడియలే ఏరి తీశాడన్న నింద రాకుండా రోజూ ముందే నిర్ణయించిన వేళల్లో తీసి, గోడ గడియారం కనిపించేలా చూశాడు.

ఆ పాప పెద్దగా ఏడవదు. బిగపట్టుకుంటుంది. తల్లి వచ్చినప్పుడు ముఖం తిప్పుకుంటుంది. 1952 నవంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో దీన్ని ప్రదర్శించినప్పుడు చాలామంది వైద్యులు, నర్సులు మండిపడ్డారు. ఇది తమ వృత్తిని అవమానించడమన్నారు, ఈ పాప మామూలు పాప కాదన్నారు. తమ వార్డులకు తిరిగివెళ్ళి చూశాక కొందరి అభిప్రాయం మారింది. తల్లి కనిపించకుండా పోయిన బిడ్డ మొదట ప్రతిఘటిస్తుందనీ, పిదప నిరాశలో మునుగుతుందనీ, చివరకు తల్లిమీద మమతనే తెంచుకున్నట్లు ప్రవర్తిస్తుందనీ రాబర్ట్‌సన్ వివరించాడు. నర్సులు 'కుదురు' అనుకున్నది ఆ మూడో దశ.

శస్త్రవైద్యుడు హ్యారీ ప్లాట్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1959లో ఇచ్చిన నివేదిక తల్లిదండ్రులకు వేళల ఆంక్ష ఉండరాదని, అయిదేళ్ళలోపు పిల్లలతో తల్లి ఉండడానికి ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం అంగీకరించింది. వార్డులు మాత్రం తొందరపడలేదు. 1961లో లండన్ బ్యాటర్సీలో కొందరు తల్లులు సంఘం కట్టి, తమ ప్రాంతపు ఆసుపత్రుల్లో నివేదిక ఎంతవరకు అమలవుతోందో తామే అడగడం మొదలుపెట్టారు. పిల్లల వార్డులో తల్లికి మంచం మామూలు విషయం కావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

వృద్ధుల వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. మతిమరుపు వ్యాధి ఉన్న తన తండ్రి ఆసుపత్రిలో కుటుంబానికి దూరమై క్షీణించిన అనుభవంతో రచయిత్రి నిక్కి జెరార్డ్ 2014లో జూలియా జోన్స్‌తో కలిసి 'జాన్స్ క్యాంపెయిన్' ప్రారంభించింది. అలాంటి రోగుల వెంట ఇంటివారు ఉండడం హక్కు కావాలన్నది దాని కోరిక. తెలుగు పాఠకుడికి ఈ కోరిక కొంత వింతగా తోచవచ్చు. ఇక్కడ దాన్ని అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

5. ధర్మాసుపత్రి, ఘోషాసుపత్రి

ఎందుకు రాలేదన్నది అసలు ప్రశ్న. మద్రాసు జనరల్ ఆసుపత్రి 1664లో ఈస్టిండియా కంపెనీ సైనికుల కోసం మొదలై, 1842లో గాని భారతీయులకు తలుపులు తెరవలేదు. తెలుగు జిల్లాల ప్రజలకు దశాబ్దాలపాటు అదే పెద్దాసుపత్రి. విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923లో వచ్చింది. హైదరాబాదులో 1908 మూసీ వరదకు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయాక ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. వీటి పటాలు ఐరోపావే. పొడవాటి వార్డు, వరుస మంచాలు, ఎత్తైన కిటికీలు. పటం వచ్చినంత సులువుగా దాని నియమం రాలేదు. జనం ఆ వార్డులోకి బంధువులతో సహా ప్రవేశించారు.

మొదటి కారణం అన్నం. పరాయి కులంవారు వండినది తినని సమాజంలో ఆసుపత్రి రోగికి తిండి పెట్టలేదు. పెట్టాలంటే కులానికో వంటవాణ్ణి పెట్టుకోవాలి, లేదా ఇంటివారిని వండుకోనివ్వాలి. రెండోది చవక. ఈ చిక్కు ఎంత లోతైనదో 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ చొరవతో మొదలైన ఆసుపత్రి పేరే చెబుతుంది: విక్టోరియా కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రి. కులం, గోషా రెండూ పేరులోనే ఉన్నాయి. దాని భవనానికి లక్ష రూపాయలిచ్చిన దాత నెల్లూరు సీమలోని వెంకటగిరి రాజా. విశాఖపట్నం, విజయనగరం వాసులు స్త్రీల ప్రభుత్వాసుపత్రిని ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. పరదా పోయినా పేరు పోలేదు. ఇలాంటిచోటికి స్త్రీ ఒంటరిగా రాదు. అత్తో అమ్మో తోడు లేకుండా ఆమెను పంపే ఇల్లు ఆనాడు లేదు. సహాయకురాలిని గేటు దగ్గర ఆపితే రోగి కూడా వెనుదిరుగుతుంది.

రెండో కారణం దానం రూపం. బ్రిటన్‌లో దాత మంచానికి డబ్బిచ్చేవాడు. తెలుగు దాతకు బాగా తెలిసిన రూపం సత్రం. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషనరీ డాక్టర్ ఆనా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి చరిత్రలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. తన కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు ఆసుపత్రి సమీపంలో రోగుల బంధువుల బస కోసం ఒక వసతిగృహం కట్టించాడు. క్రైస్తవ ఆసుపత్రి, దాని చెంత హైందవ ధర్మశాల. ఆసుపత్రి రోగిని చూసుకుంటే సత్రం రోగి తాలూకా వాళ్ళను చూసుకుంది. ఈ ఏర్పాటులో ఒక వివేకం ఉంది. సహాయకుడు కూడా తిండి, నిద్ర అవసరమైన మనిషేనని అది గుర్తించింది. ప్రభుత్వ ధర్మాసుపత్రులు విస్తరించినప్పుడు వార్డులను అనుకరించారు గాని, ఆ సత్రాన్ని అనుకరించినచోట్లు అరుదు.

6. నలభైమూడు వేలమందికి ఒకరు

మూడో కారణం అన్నింటికంటె బలమైనది. 1943లో నియమితమై 1946లో నివేదిక ఇచ్చిన జోసెఫ్ భోర్ కమిటీ లెక్క ప్రకారం బ్రిటిష్ ఇండియాలో వెయ్యి జనాభాకు ఆసుపత్రి పడకలు 0.24. ఇంగ్లండు, వేల్స్‌లలో 7.14. నర్సులు ఇక్కడ 43,000 మందికి ఒకరు, బ్రిటన్‌లో 300 మందికి ఒకరు. ఈ అంకెలను విడివిడిగా ఉదహరించడం పరిపాటి. పక్కపక్కన పెడితే మరో సంగతి తేలుతుంది. పడకల్లో తేడా దాదాపు 30 రెట్లు కాగా నర్సుల్లో తేడా 140 రెట్లు దాటింది. 43,000 జనాభాకు ఉన్న పడకలు సుమారు 10, వాటికి నర్సు ఒకరు. బ్రిటన్‌లో ఒక నర్సుకు వచ్చే పడకలు 2. మూడు పాళీల పనినీ సెలవులనూ లెక్కిస్తే ఇక్కడ రాత్రివేళ ఒక నర్సు ఎన్ని మంచాలు చూడాలో ఊహించవచ్చు. అంటే ఆసుపత్రి కట్టినచోట కూడా పరిచర్య చేసే చేతులు లేవు. ఆ ఖాళీని నింపింది ఇంటిమనిషి.

ఆ చేతులు ఎందుకు లేవన్నదానికి జవాబు మళ్ళీ కులం దగ్గరికే తీసుకుపోతుంది. పరాయివారి మలమూత్రాలను, పుండ్లను తాకే పని మైల. పరాయి పురుషుణ్ణి తాకే పని స్త్రీకి మరింత నిషిద్ధం. అందువల్ల తెలుగు ప్రాంతాల్లో నర్సు వృత్తి చాలాకాలం మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవ స్త్రీలదిగా, వారిలోనూ దళిత కుటుంబాలనుంచి వచ్చినవారిదిగా ఉండిపోయింది. అదే పనిని సొంతవారికి చేస్తే మైల కాదు, ధర్మం. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న తల్లిని చూసి అనురాగానికి మురిసిపోయేముందు, జీతమిచ్చి చేయించవలసిన పనిని అంటుగా చూసిన సమాజం దాన్ని సొంత ఇంటి స్త్రీలకు వదిలేసిందన్న సంగతి గుర్తించాలి.

7. లెక్కలోకి రావడం

2020లో కొవిడ్ రెండు దేశాల్లోనూ ఒకే నియమం తెచ్చింది. వార్డులోకి బంధువులు రాకూడదు. బ్రిటన్‌లో గంట తిరిగివచ్చినట్లయింది. ఆ మార్చి చివర లండన్‌లో 13 ఏళ్ళ బాలుడు తల్లిదండ్రులెవరూ పక్కన లేకుండా మరణించడం దేశాన్ని కలచివేసింది. ఏప్రిల్‌లో ఆరోగ్యమంత్రి ఆ ఘటనను ప్రస్తావిస్తూ, మరణశయ్యపై ఉన్నవారిని వీలైనంతవరకు ఇంటివారు చూడనివ్వాలని ప్రకటించాడు. తెలుగు రాష్ట్రాల్లో కొవిడ్ వార్డుల నిషేధం మరోరకమైన కష్టాన్ని బయటపెట్టింది. చూడలేకపోయామన్న దుఃఖానికి తోడు, మంచినీళ్ళు ఎవరిస్తున్నారు, మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళ్తున్నారు అన్న ఆందోళన వెలుపలివారిని పట్టుకుంది. అంతకుముందు ఆ పనులు ఎవరు చేసేవారో ఆ ప్రశ్నలే చెబుతున్నాయి.

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శస్త్రచికిత్స అనంతరం కోలుకునే కాలానికి రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇచ్చే పథకం తెచ్చింది. రోగి కోల్పోయిన కూలిని ప్రభుత్వం లెక్కించడం విశేషమే. పక్కన కూర్చుని కూలి కోల్పోయినవారి మాట అందులో లేదు. 2022 మేలో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని 18 ప్రభుత్వాసుపత్రుల వద్ద రోగుల సహాయకులకు 5 రూపాయల భోజనం ప్రారంభించింది. ఏలూరు జమీందారు గుర్తించినదాన్ని శతాబ్దం తరువాత ప్రభుత్వ పద్దు గుర్తించిందన్నమాట.

8. పురుటిగది

ఎవరినైనా రానిచ్చే తెలుగు ఆసుపత్రి ఒక్క గది ముందు మాత్రం గట్టిగా తలుపు వేసుకుంది. అది పురుటిగది. ఇంటి కాన్పులో మంత్రసానితోపాటు తల్లి, అమ్మమ్మ, ఇరుగుపొరుగు పెద్దముత్తైదువులు చుట్టూ ఉండేవారు. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక కాన్పులు ఆసుపత్రులకు తరలినప్పుడు ఆ స్త్రీలంతా వరండాలో ఆగిపోయారు. నొప్పులు పడే మనిషి లోపల ముక్కూమొహం తెలియనివారి నడుమ మిగిలింది. బ్రిటన్‌లో ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఒకప్పుడు తండ్రిని కాన్పుగది దరిదాపులకు రానివ్వని ఆ దేశంలో ఇప్పుడు భర్త పక్కనే ఉండడం మామూలు. అంతా సవ్యంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే ఇంటికి పంపుతారు, తరువాత మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూస్తుంది. అక్కడి తెలుగు కుటుంబాల్లో బాలింతకు పథ్యం వండి పెట్టడానికి, బిడ్డకు నలుగుపెట్టి నీళ్ళు పోయడానికి పుట్టింటినుంచి తల్లి సందర్శక వీసా మీద వెళ్తుంది. ఇక్కడ పురుటిగది తలుపు బయట నిలబడవలసిన స్త్రీకి అక్కడ వెళ్ళినప్పుడు, బిడ్డ కోరితే, లోపలికి ప్రవేశం దొరుకుతుంది.

2016 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ ప్రభుత్వాసుపత్రుల్లో ప్రసవ సమయాన తోడుగా ఒకరిని అనుమతించింది. ఆ తోడు స్త్రీయే అయి ఉండాలి, ప్రసవానుభవం ఉన్నదైతే మేలు, గదిలో మరుగు ఏర్పాట్లు సరిగా ఉన్నచోట భర్తనూ రానివ్వవచ్చు అని అందులో ఉంది. ఒకే గదిలో మూడు నాలుగు కాన్పు బల్లలు, వాటి మధ్య తెర లేకపోవడం చాలా ఆసుపత్రుల్లో నేటికీ ఉన్న స్థితి. ఒకరి తోడును రానిస్తే మరొకరి మరుగు పోతుందని సిబ్బంది చెప్పే అభ్యంతరం కేవలం సాకు కాదు. బల్లకూ బల్లకూ మధ్య అడ్డుతెర, తోడు వచ్చిన స్త్రీకి ఒక కుర్చీ, ఆమె చేయవలసిన, చేయకూడని పనులను పది నిమిషాలు వివరించే నర్సు ఉంటే ఆ ఆదేశం అమలుకు వస్తుంది. వీటిలో మొదటి రెండూ తక్కువ ఖర్చుతో అయ్యేవే. మూడోదానికి మాత్రం నర్సు కావాలి.